మునగని బొటనవేలు

మా బాబాయి ప్లంబరు. ఆరడుగుల పైమాటే. కడుపులో మాట దాచుకోలేని మనిషి. ఆమధ్య మా బాప్టిస్టు సంఘంలో బాప్తిస్మపు తొట్టి కారుతుంటే బాగుచేయడానికి దిగాడు. పగులు పూడ్చి ఊరుకోవచ్చుగా! టేపు పెట్టి పొడవు కొలిచాడు. సరిగ్గా ఆరడుగులు. ముప్ఫై ఏళ్ల కిందట తను వెనక్కి వాలి మునిగి బాప్తిస్మం తీసుకుంది అందులోనే. ఇంటికొచ్చి నేల మీద సుద్దముక్కతో తొట్టి గీసుకుని, అందులో పడుకుని చూసుకున్నాడు. ఎడమకాలి బొటనవేలు గీత దాటింది.

"ఊరుకో బాబాయ్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ఎవరి నమ్మకం వాళ్లదే, దాంతో దేశాన్నేలే రాజుకేం సంబంధం, నమ్మినవాడు నిండా మునగాలి అని ఒకప్పుడు మన బాప్టిస్టు పెద్దలు జైళ్లకెళ్లార్రా! నేను వేలు దాచుకుంటానా?"

సంఘంలో చెప్పేశాడు. "వేలిదేముందండీ" అన్నారు పాస్టరు గారు. కానీ మా దగ్గర పాస్టరు గారిదీ ఒక్క చెయ్యే. కర్టెన్ల రంగు దగ్గర్నుంచి అన్నీ చేతులెత్తే తేలుస్తాం. ఇంతలో కార్యదర్శికి గుర్తొచ్చింది, పాస్టరు గారు గెలిచిందే ఒక్క ఓటుతో అనీ, అందులో బాబాయి ఓటూ ఉందనీ. నిండా మునగనివాడికి సభ్యత్వమే లేదు, ఇక ఓటెక్కడిది? పాస్టరు గారు వేదిక దిగివచ్చి మూడో బెంచీలో కూర్చున్నారు.

వేలు మునిగిందని ఇరవై చేతులు, మునగలేదని ఇరవై. అప్పటికి పుట్టనివాళ్లు కూడా ఎత్తారు. మిగిలింది పిన్ని. బాబాయి మొహం పాలిపోయింది. ఆ సంఘం తప్ప ఆయనకు వేరే లోకం లేదు. సభ్యత్వం పోతే ఏమైపోతాడోనని నాకు భయం వేసింది.

పిన్ని లేచింది. "మునగలేదు. ముందు బెంచీలోంచి చూశాను. ఆ వేలు చూసే నవ్వాను. ఆ నవ్వు చూసే ఈయన మా ఇంటికి పెళ్లిమాటలకొచ్చాడు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు కార్యదర్శి.

"మీరు అడగలేదుగా."

బాబాయి సభ్యత్వం పోయింది. కళ్లు తుడుచుకుంటూనే నా చెవిలో, "చూశావా, మొగుడని కూడా చూడలేదు!" అని మురిసిపోయాడు.

పాస్టరు గారిని మళ్లీ ఎన్నుకున్నాం. తర్వాతి ఆదివారం బాబాయి తొట్టి తనే నింపుకుని, కాళ్లు మడిచి మునిగాడు. లేచి ఊపిరైనా పీల్చుకోకుండా ముందు బెంచీ వైపు చూశాడు.

పిన్ని ఈసారి నవ్వలేదు. ఏడుస్తూ చెయ్యెత్తింది.