పదకొండో కుర్చీ కుట్టు

సీట్ల మేస్త్రి అంటే ఆ ఫ్యాక్టరీలో తెలియనివాడు లేడు. ముప్పై ఎనిమిదేళ్లు కార్ల సీట్లకు తోలు కుట్టాడు. పందెపు కార్లకు కుట్టాడు, పెళ్లి కార్లకు కుట్టాడు, కుట్టు ఊడిందని ఒక్క సీటు తిరిగి వస్తే ఒట్టు. కార్లు గీయడంలో పేరుమోసిన యజమానికి ఒక ఏడాది కుర్చీలు గీయాలని బుద్ధి పుట్టింది. కారు సీటులా వెనక్కి వాలే కుర్చీలు. పదకొండంటే పదకొండే చేయించి, అచ్చులు పగలగొట్టించాడు. ఆ పదకొండూ తన చేతి కుట్టేనని మేస్త్రి నలభై ఏళ్లు చెప్పుకున్నాడు.

ఇప్పుడు వాటిని ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చి మ్యూజియంలో వరుసగా పెట్టారు. అసలేదో నకలేదో తేల్చమని కబురొస్తే, మేస్త్రి చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని వెళ్లాడు.

మ్యూజియం అధికారిణి చివరి కుర్చీ దగ్గర ఆగింది. మిగతా పదింటికీ కుట్టు కుడికి వాలింది, దీనికి ఎడమకి.

"ఇది నకలు కదూ, మేస్త్రిగారూ? మీరు ఊఁ అంటే తీసేస్తాం."

మేస్త్రి వంగి కుట్టు మీద బొటనవేలు నడిపాడు. అది ఎవరి చేతి కుట్టో తెలిసిపోయింది.

కుర్చీలు చేసిన ఆ ఏడాది కత్తి జారి ఆయన చెయ్యి తెగింది. గడువేమో నెత్తిమీదుంది. చివరి కుర్చీ తోలు ఇంటికి తెచ్చుకుని కూలబడితే, ఎడమచేతివాటం ఇల్లాలు కిటికీ పక్కన కూర్చుని మూడు రోజుల్లో కుట్టేసింది. నీ చేతిలో సూది కూడా ఎదురుతిరుగుతుందని ఆయన వేళాకోళం చేశాడు కూడా. యజమాని భుజం తట్టాడని మురిసిపోతూ ఇంటికొస్తే ఆమె ఒక్కటే అడిగింది.

"ఒకటి నేను కుట్టానని చెప్పారా?"

"చెబుతాలేవే, తొందరేముంది."

ఆ తొందర నలభై ఏళ్లలో రాలేదు. ఆమె పోయి రెండేళ్లు. ఆమె కుట్టిన దుప్పట్లూ చొక్కాలూ ఏనాడో చిరిగిపోయాయి. ఊఁ అంటే తన పేరు చెక్కుచెదరదు, ఆమె చేతి పని మాత్రం లోకంలో మిగలదు.

"నకలు కాదమ్మా," అన్నాడు. "మా ఆవిడ కుట్టింది. నేను కుట్టినవి పదే."

అధికారిణి ఆవిడ పేరడిగి రాసుకుంది.

"ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకు రావాల్సింది, మేస్త్రిగారూ."

మేస్త్రి చొక్కా నలుగుతుందని కూడా చూసుకోకుండా ఆ కుర్చీ పక్కన నేలమీదే కూలబడ్డాడు.