ఎదురు చెయ్యి

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ వంటబడి పంతులమ్మ పుట్టుకతో పుర్రచెయ్యి మనిషి కాదు. నేర్చుకునేవాళ్ళ కోసం అలా అయింది.

మొదట్లో బడి అంటే ఇంటి ముందుగది, ఒక పొడుగాటి బల్ల, నాలుగు పొయ్యిలు. ఉపన్యాసాలతో కడుపు నిండదు, కత్తి పట్టండి అనేది ఆవిడ. మొట్టమొదట నేర్చుకోవడానికి వచ్చింది సొంత ఆడపడుచే. బల్లకి అవతల ఎదురుగా నిలబడి, వదిన కుడిచేత్తో కోస్తుంటే అద్దంలో చూసినట్టు తను ఎడమచేత్తో కత్తి పట్టింది. అలవాటు లేని చెయ్యి ఊరుకుంటుందా? కుడిచేతి బొటనవేలు తెగి కుట్లు పడ్డాయి.

తప్పు తనదేనని పంతులమ్మ కుమిలిపోయింది. ఎదురుగా చూసేవాళ్ళు కుడిచేత్తో పట్టేలా, మర్నాటి నుంచి ఇంట్లో కత్తి ఎడమచేతికి మార్చింది. ఇక చూడాలి ఆ ఇంటి భోగం! బంగాళాదుంప ముక్కల్లో ఒకటి గోలీ అంత, ఒకటి గుండ్రాయంత. ఒకటి చితికిపోతే ఇంకోటి పచ్చి. నీ బడి సంగతేమో గానీ నా పళ్ళు రాలేట్టున్నాయని మొగుడు నవ్వేవాడు. పట్టు వదిలిందా? లేదు. చివరికి ఎదురుగా ఎంతమంది నిలబడినా ఒక్కరికీ తికమక లేకుండా, ఆవిడ ఎడమచేతి కింద ఉల్లిపాయ ఒకే తీరు ముక్కలుగా రాలేది. అక్కడ నేర్చుకున్నవాళ్ళంటే హోటళ్ళవాళ్ళు కళ్ళు మూసుకుని పనిలోకి తీసుకునేవారు. ఎంత ఓపిక తల్లీ ఆవిడది!

ఏ పాపిష్టి కళ్ళు పడ్డాయో, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కత్తి పట్టే చెయ్యి బాగానే ఉంది. కానీ ఉల్లిపాయని పట్టుకునే చెయ్యేదీ? ఇక బడి మూసేద్దామన్నాడు మొగుడు, మెల్లిగానే. కొత్త బ్యాచ్‌కి ఒక్క పాఠం చెప్పి చూస్తాను, కుదరకపోతే నేనే తాళం వేస్తానంది.

ఆ పొద్దున అందరి ముందూ ఉల్లిపాయ బల్ల మీద పెట్టింది. కత్తి ఆనగానే అది దొర్లుకుంటూ పోయి కిందపడింది. ఇంకోటి పెట్టింది. అదీ అంతే. ఆవిడ మేకుకి వేలాడుతున్న తాళం వైపు చూసింది.

వదినకి తోడుంటానని సెలవు పెట్టి వచ్చిన ఆడపడుచు గుమ్మంలోంచి ఇదంతా చూస్తోంది. ఇప్పుడామె ఓ ఆసుపత్రి క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. విసవిసా వచ్చి వదిన కుడిపక్కన నిలబడి, మరో ఉల్లిపాయ తీసి బల్ల మీద పెట్టి, కుడిచేతి వేళ్ళు ముడిచి గట్టిగా పట్టుకుంది. బొటనవేలి మీద ఆ పాత మచ్చ అలాగే ఉంది.

అది చూసి పంతులమ్మ కత్తి వెనక్కి తీసుకుంది. "వద్దమ్మా. ఒకసారి తెగింది చాలు," అంది.

"అప్పుడు తెలియక తెగింది వదినా. ఇప్పుడు తెలిసే పెడుతున్నాను. కొయ్యి."

కత్తి భయంభయంగా దిగింది. తర్వాత కాస్త ధైర్యంగా, ఆ తర్వాత ఎప్పటి జోరుతోనే సాగింది. ఉల్లిపాయ అయిపోయేదాకా ఆడపడుచు ఆ వేళ్ళు వెనక్కి లాక్కోలేదు.