మెమరీకి గంధం బొట్టు

మా కంప్యూటర్‌ను ఏ కంపెనీ తయారు చేయలేదు. నాన్న, ఆయన స్నేహితుడు కలిసి సాక్చి బజారులో ఒక్కో భాగం కొనుక్కొచ్చి, టెల్కో కాలనీలోని మా క్వార్టర్లో భోజనాల బల్ల మీద బిగించారు. నాన్న ట్రక్కుల కర్మాగారంలో మెయింటెనెన్స్ ఇంజనీరు. ట్రక్కుకు బిగించినట్టే బిగించారేమో, నాలుగేళ్ళ తర్వాత ఆ స్క్రూలు విప్పడానికి నాకు రెండు చేతులూ, బోలెడు తిట్లూ కావలసి వచ్చాయి.

అప్పుడు నేను ప్లస్ టూ చదువుతున్నాను. కంప్యూటర్ బాగా నెమ్మదించింది. స్విచ్ వేసి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తే అప్పుడు తెర మీద బొమ్మలు వచ్చేవి. అమ్మ స్కూల్లో సైన్సు టీచరు. అర్ధ సంవత్సర పరీక్ష ప్రశ్నపత్రం పదిహేను రోజులుగా ఒక్క వేలితో టైపు చేస్తోంది. నొక్కిన అక్షరం కనబడేలోపు ఆవిడ అడగబోయే ప్రశ్న మరిచిపోయేది. చూడలేక, పుట్టినరోజుకు బట్టలు వద్దని చెప్పి, ఇంకో మెమరీ ముక్క కొనిపించుకున్నాను.

నాన్న ఒక్క షరతు పెట్టారు. "మీ అమ్మ పేపరందులోనే ఉంది. ఎల్లుండి పొద్దున్న స్కూల్లో ఇవ్వాల. దానికేటైనా అయ్యిందో, ఈ జన్మలో నువ్వు మళ్ళీ స్క్రూడ్రైవర్ ముట్టుకోవు."

"పాపా, టెన్షన్ మత్ లో," అని మా ఊరి హిందీలో నాన్నకే ధైర్యం చెప్పాను. ఆ పొగరు ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

ఆ సాయంత్రమంతా డబ్బా విప్పి దుమ్ము దులపడానికే సరిపోయింది. పాత మెమరీని కూడా ఊడదీసి, కొత్తదాని పక్కన పేపరు పరిచి పెట్టాను. కొట్టువాడు చెప్పిన మాట ఇంట్లో అందరికీ చాటాను: దాని అంచున బంగారు రంగులో మెరిసే పళ్ళను వేళ్ళతో ఎవరూ ముట్టుకోకూడదు.

మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు మా ఊళ్ళో యంత్రమన్నదానికల్లా బొట్టు, దండ, సెలవు. నేను తలంటుకుని వచ్చేసరికి స్కూటరుకు, మిక్సీకి, అమ్మ కుట్టుమిషనుకు బొట్లు పెట్టి ఉన్నాయి. కంప్యూటర్ డబ్బాకు నుదుటి మీద కుంకుమ.

"ఇయాల దానికి ఛుట్టీ. పూజైపోయింది, రేపు చూద్దువు గానీ," అన్నారు నాన్న.

నేను ఆగే రకమా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మధ్యాహ్నం ఆయన పక్క క్వార్టర్ పూజకు వెళ్ళగానే రెండు మెమరీలనూ కొసలు పట్టుకుని వాటి గాడుల్లో పెట్టి, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి, స్విచ్ వేశాను.

తెర నల్లగానే ఉంది. డబ్బా మాత్రం బీప్, బీప్ అని ఒకటే గోల. కొత్తది తీసేసి పాతదొక్కటే పెట్టాను. అదే గోల.

అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏటే, నా పేపరేటయ్యిందే?"

ప్రసాదం పట్టుకుని వచ్చిన నాన్న గుమ్మంలోనే అన్నారు: "చెప్పేనా, వద్దని? సెలవునాడు లేపితే ఏడవదేటి?" ఆయన బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసి జేబులో పెట్టుకోవడం చూశాను. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న కుర్చీ లాక్కుని డబ్బా ముందు కూర్చున్నారు. "మా ప్లాంటులో ఒకటే రూలు. ముందు కాంటాక్టు తుడవాల, తరవాతే మిషన్ని తిట్టాల," అంటూ అమ్మ రబ్బరు తీసుకుని మెమరీ బంగారు పళ్ళ మీద మెల్లగా రుద్దారు. రబ్బరు పచ్చగా అయింది. వాసన చూశారు. మళ్ళీ చూశారు.

"గంధం," అన్నారు చిన్నగా.

బంగారు రంగు మీద ఎండిన పసుపు రంగు గంధం నా కళ్ళకు ఆనలేదు.

"బంగారంలా మెరుత్తంటే అదే దాని మొహమనుకున్నాను. రెండింటికీ బొట్టు పెట్టీసేను. చేత్తో ముట్టుకోలేదే! నువ్వు వద్దన్నావని అగ్గిపుల్లతో పెట్టేను," అన్నారు నాన్న.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. రెండూ శుభ్రంగా రుద్ది పెట్టాం. ఒక్క బీప్, తెర వెలిగింది, అమ్మ ప్రశ్నపత్రం క్షేమంగా బయటికొచ్చింది. ప్రింటు తీసుకుని ఆవిడ స్కూలుకు పరుగెత్తింది. నాన్న స్క్రూడ్రైవర్ ఎప్పుడు బల్ల మీద పెట్టారో నేను గమనించలేదు.

ప్లాంటులో కూడా ఎవరినీ ఏదీ అడగని మనిషి మా నాన్న. మరుసటి ఏడు విశ్వకర్మ పూజకు మాత్రం గంధం గిన్నె, అగ్గిపుల్ల పట్టుకుని కంప్యూటర్ ముందు నిలబడి నన్ను కేకేశారు.

"ఇంజనీరమ్మా, బొట్టెక్కడ పెట్టమంటావు?"