అమ్మకి చేతకాని గ్రైండరు

నా చిన్నప్పుడు మా ఇంటి వెనక వసారాలో ఒక రుబ్బురోలు ఉండేది. దాని ముందు కూర్చునే హక్కు మా మేనత్తకి తప్ప ఎవరికీ ఉండేది కాదు. అమ్మ ఎప్పుడైనా పొత్రం మీద చెయ్యి వేస్తే, "నీకెందుకమ్మా, నువ్వెళ్ళి కూర సంగతి చూసుకో" అని మర్యాదగానే లేపేసేది. అత్తయ్య నాన్నగారికి అక్క. పెళ్ళయిన మూడేళ్ళకే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. తాతయ్య, నాయనమ్మ కూడా పోయాక అది ఆవిడకి తమ్ముడి ఇల్లయింది. పుట్టిల్లు వేరు, తమ్ముడి ఇల్లు వేరు అన్న లెక్క ఆవిడ మనసులో ఉండేదని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

మాది కొత్తపేట దగ్గర ఊరు. తొంభైల నడిమి రోజులవి, నాకు పదేళ్ళుంటాయి. నాన్నగారు కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. ఇంట్లో నాన్నగారు, అమ్మ, అత్తయ్య, నేను. అంతే.

అత్తయ్యకి ఒక అలవాటుండేది. మధ్యాహ్నం తను పప్పు రుబ్బితేనే మర్నాడు పొద్దున్న టిఫిను తినేది. జ్వరం వచ్చి రుబ్బలేని రోజుంటే, ఆ మర్నాడు గ్లాసుడు మజ్జిగ తాగి, ఆకలి లేదని ఊరుకునేది. ఏకాదశులూ శనివారాలూ ఎలాగూ ఉండేవి కాబట్టి ఇదీ అలాంటి ఉపవాసమే కాబోలు అనుకునేవాళ్ళం నేనూ నాన్నగారూ. రుబ్బిన రోజున మాత్రం ఆవిడ సందడి చూడాలి. పప్పులో రవ్వ కలిపి, పెరట్లోంచి పనసాకులు కోసుకొచ్చి, ఈనెపుల్లలతో చిన్న చిన్న బుట్టలు కుట్టి, పొద్దున్నే ఆ బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికించేది. మా వైపు వాటిని పొట్టిక్కలంటారు. మా అక్క పొట్టిక్కలు తిన్నవాడు హోటలు ఇడ్లీ ముట్టుకోడని నాన్నగారు కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవారు.

ఆ ఏడు అత్తయ్యకి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తి జడ అల్లుకోలేకపోయేది. రుబ్బడం మానెయ్యమని అమలాపురం డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆవిడ బుద్ధిగా "ఆయ్" అని తలూపి, ఇంటికి రాగానే పప్పు నానబోసింది. నాన్నగారికి అక్కంటే ప్రాణం. ఆవిడ పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటూ పొత్రం తిప్పడం చూడలేకపోయారు. బజార్లో దొరికే వాటిలోకెల్లా మేలైన గ్రైండరు కొనాలని తీర్మానించుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నన్ను వెంటపెట్టుకుని అమలాపురం బస్సెక్కారు.

ఆ షాపు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మిక్సీలు ఒక వరస, గ్యాసు పొయ్యిలు ఒక వరస, మూలన తలుపు తెరిస్తే చల్లగాలి కొట్టే ఫ్రిజ్జు. నాన్నగారు కొబ్బరికాయని వేలితో తట్టి లోపల నీళ్ళెన్ని ఉన్నాయో చెప్పగలిగేవారు. ఆ నమ్మకంతోనే గ్రైండర్లని కూడా ఒక్కొక్కటీ చెవి దగ్గరగా పెట్టి తట్టుకుంటూ వెళ్ళారు. బల్ల మీద పెట్టుకునే చిన్నవాటిని ఆటబొమ్మలన్నారు. చివరికి స్టాండు మీద ఊగే పెద్దది, రాయి అన్నిటికన్నా బరువైనది, స్టీలు అద్దంలా మెరిసేది తేల్చారు. మా ఊళ్ళో సాయంత్రమయ్యేసరికి కరెంటు నీరసించిపోయేది కాబట్టి దానికి తోడు ఒక స్టెబిలైజరు. రంగు నన్నే ఎంచమన్నారు. నేను ముదురెరుపు చూపించాను.

షాపాయన పప్పు వేసి, నీళ్ళు చేత్తో కొంచెం కొంచెంగా చిలకరిస్తూ తిప్పి చూపించాడు. ఒక్కసారి పోసేస్తే పప్పు జారిపోతుంది తప్ప నలగదని చెప్పాడు. జాగ్రత్తగా గుర్తుపెట్టుకోమని నాన్నగారు నన్ను మోచేత్తో పొడిచారు. తర్వాత షాపాయన అడిగాడు.

"ఇంతకీ ఇంట్లో వాడేది ఎవరండీ?"

"మా అక్కగారండి."

"ఆవిణ్ణి కూడా తీసుకొచ్చేరంటే బాగుండేదండి. ఓసారి చెయ్యేసి చూసుకునేవారు."

"అమ్మో, ఆవిడొస్తే కొననివ్వరండి బాబూ!" అని నాన్నగారు నవ్వారు. నేనూ నవ్వాను.

మోటారు గురించి అడిగాం, రాయి గురించి అడిగాం, కరెంటు తగ్గితే ఏమవుతుందో అడిగాం. ఇది ఇంటికొచ్చాక అత్తయ్య మధ్యాహ్నాలు ఏం చేస్తుందన్న మాట మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు.

గ్రైండరు వచ్చిన రోజున ఊళ్ళో సగంమంది చూసి వెళ్ళారు. అమ్మ పసుపు రాసి బొట్టు పెట్టింది. భుజం నొప్పిగా ఉంది కదా, నువ్వు హాయిగా కూర్చో అక్కా అని నాన్నగారు పీట వేశారు. అత్తయ్య ఆ పీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తను గంటన్నర చేసే పని అరగంటలో అయిపోవడం చూసింది. తమ్ముడు తనకోసం ఇంత ఖరీదైనది తెచ్చాడని పదిమందికీ చెప్పింది కూడా. మర్నాడు పొద్దున్న మాత్రం మజ్జిగ తాగి, ఆకలి లేదంది. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఆవిడ మొహం పీక్కుపోయింది. పెద్దతనం వల్ల తిండి తగ్గిందన్నారు నాన్నగారు. అమ్మ మాత్రం ఆవిడ మజ్జిగ గ్లాసు వంకే చూసేది.

వారం రోజులు సరదాకి తనే నడిపిన నాన్నగారు గ్రైండరుని అమ్మకి అప్పగించాక, మా ఇంట్లో ఇడ్లీలు పాడవడం మొదలైంది. ఒకరోజు అప్పడాల్లా అణిగిపోయేవి, ఇంకోరోజు విసిరితే తల పగిలేలా ఉండేవి. నాన్నగారు రెండు రోజులు ఓర్చుకున్నారు. మూడోరోజు పళ్ళెం తోసేసి, అంత గొప్ప మిషను తెచ్చిపెడితే పదో తరగతి చదివిన మనిషివి పప్పు రుబ్బుకోలేవా అని ఒంటికాలి మీద లేచారు. అమ్మ తలొంచుకుని, "నాకు చేతకావడం లేదండి, దాని కిటుకు నాకు తెలియడం లేదు" అంది. అత్తయ్య అడ్డొచ్చింది.

"పోన్లేరా, దాన్నేం అనకు. మిషన్లకి మనుషుల నోటి రుచి తెలుస్తుందేంటి? భుజం కాస్త నెమ్మదించింది, నేను రుబ్బుతాను."

ఆ మధ్యాహ్నం వెనక వసారాలో మళ్ళీ పొత్రం చప్పుడు వినిపించింది. మర్నాడు అత్తయ్య నాలుగు పొట్టిక్కలు తినడం నేను లెక్కపెట్టాను. అమ్మ రోజూ సాయంత్రం ఆవిడ భుజానికి కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి మర్దనా చేసేది. గ్రైండరు మీద పాత దుప్పటి ఒకటి కప్పేసింది.

నేను మాత్రం అసలు సంగతి చూశాను. వసారా గట్టు మీద లెక్కలు చేసుకుంటూ, అమ్మ పప్పు నానీ నానకుండానే గ్రైండర్లో వేసి, చెంబుడు నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించడం నా కళ్ళారా చూశాను. నేనే చెప్పాను, అలా కాదమ్మా, చిలకరించాలి అని. అమ్మ నావైపు తిరిగి, "నీ లెక్కలు నువ్వు చూసుకో" అంది. అప్పుడు ఆవిడ మొహంలో చేతకానితనమేమీ లేదు. ఎందుకలా చేస్తోందో నాకు బుర్రకెక్కలేదు. తర్వాత అత్తయ్య తిన్న నాలుగు పొట్టిక్కలూ లెక్కపెట్టాక కొంచెం కొంచెంగా ఎక్కింది.

అయినా నాకు ఉక్రోషంగా ఉండేది. అమ్మ చేతకానితనం ఇంట్లో ఒక వేడుక అయిపోయింది. చుట్టాలొస్తే నాన్నగారు దుప్పటి ఎత్తి గ్రైండరు చూపించి, మా ఆవిడకి ఇది అలంకారానికే అనేవారు. అందరూ నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది. బడిలో ఒకమ్మాయి, మీ అమ్మకి స్విచ్చి వెయ్యడం కూడా రాదటగా అని అడిగినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది.

ఎండాకాలం సెలవుల్లో అమ్మ రెండు రోజులకని రాజోలు పుట్టింటికి వెళ్ళింది. ఆ పూట భోజనం చేస్తూ నాన్నగారు, ఆ గ్రైండరు ఎవరికైనా ఇచ్చేస్తాను, మీ అమ్మకి జన్మలో రాదు అన్నారు. మాటవరసకి అన్నారంతే. నేనే ఆగలేకపోయాను. అత్తయ్య రోటికని నానబోసిన పప్పు సిద్ధంగా ఉంది. ఆవిడ పనసాకుల కోసం దొడ్లోకి వెళ్ళగానే దుప్పటి లాగేసి, పప్పు వేసి, స్విచ్చి నొక్కాను. షాపాయన చెప్పినట్టే నీళ్ళు చిలకరించాను. పిండి పొంగి తెల్లగా నురగ కట్టింది. చప్పుడు విని నాన్నగారు వచ్చారు. ఆకులు పట్టుకుని అత్తయ్య వచ్చింది.

నేను గెలిచినదానిలా నిలబడ్డాను. చూశారా, ఇది ఎవరికైనా వస్తుంది, అమ్మకీ వచ్చు, అమ్మ కావాలనే నీళ్ళు కుమ్మరించేది, నేను చూశాను అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అత్తయ్య ఆకులు గట్టు మీద పెట్టి, నా దగ్గరికి వచ్చింది.

"ఎందుకే అమ్మడూ? మీ అమ్మకేం ఖర్మ, చేతులారా పాడుచేసుకుని మాటలు పడడానికి?"

"నీకోసమే అత్తయ్యా. నువ్వు రుబ్బకపోతే తినవు కదా" అన్నాను. ఎంత సంబరంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను.

అత్తయ్య గ్లాసులో నీళ్ళు తెచ్చి, చిటికెడు పిండి అందులో వేసింది. పిండి తేలింది. "బాగా వచ్చిందే" అంది. మర్నాడు ఆ పిండితోనే పొట్టిక్కలు వేసి, మా ఇద్దరికీ పెట్టి, తన పళ్ళెంలో ఒకటి పెట్టుకుంది. దాన్ని రెండుగా తుంపింది. కాసేపు చూసి, లేచి చెయ్యి కడిగేసుకుంది.

సాయంత్రం అమ్మ వచ్చింది. వసారాలోకి వెళ్ళి, మడతపెట్టి ఉన్న దుప్పటిని చూసింది, నన్ను చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. గుమ్మంలోనే కూలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదిరోజులు గడిచాక, ద్రాక్షారామంలో యాత్రికుల సత్రంలో వంటకి మనిషి కావాలన్నారని, తను వెళ్తున్నానని అత్తయ్య చెప్పింది. నాన్నగారు బతిమాలారు, కోప్పడ్డారు, చివరికి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "నీకు నేనేం తక్కువ చేసేనక్కా?" అన్నారు.

"తక్కువేం చెయ్యలేదురా. ఎక్కువే చేసేరు. మీ ఆవిడ మరీ ఎక్కువ చేసింది" అంది ఆవిడ. ఆ మాటలో కోపం లేదు. వెళ్ళేటప్పుడు అమ్మ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత అమ్మకి నటించాల్సిన పని లేకపోయింది. గ్రైండరులో రోజూ పిండి వేసేది. మా ఇంట్లో ఇడ్లీలు అంత మెత్తగా ఎప్పుడూ లేవు. బాగున్నాయని ఎవరం అనేవాళ్ళం కాదు. నాన్నగారు అమ్మని ఎగతాళి చెయ్యడం మానేశారు. అసలు ఇంట్లో నవ్వడమే మానేశారనాలి.

ఒకరోజు ధైర్యం చేసి అమ్మనడిగాను, నేను నిజమే కదా చెప్పాను, తప్పా అని. అమ్మ బియ్యం ఏరుతూ నెమ్మదిగా చెప్పింది.

"నువ్వు నన్ను వెనకేసుకురావాలనే చెప్పేవు. నాకు తెలుసు. కానీ నన్ను మీ నాన్న తిడితే నాకేమవుతుందే? సాయంత్రానికి మర్చిపోతాను. ఇది నా ఇల్లు. ఆవిడకి ఈ ఇంట్లో ఉన్నది ఆ రోలొక్కటే. అదీ మనం జాలిపడి ఇచ్చిందని తెలిశాక ఆ తిండి ఆవిడకి ఎలా దిగుతుంది?"

మరుసటి ఏడు నాన్నగారితో సత్రానికి వెళ్ళాను. అత్తయ్య పెద్ద రోలు ముందు కూర్చుని ఉంది. భుజానికి తువ్వాలు బిగించి కట్టుకుంది. చిక్కి సగమైంది. పొత్రం తిప్పినప్పుడల్లా ఆవిడ మూలిగే మూలుగు వినలేక నాన్నగారు బయటికి వెళ్ళిపోయారు. యాత్రికులందరి వడ్డనా అయ్యాక ఆవిడ నా పక్కన విస్తరి వేసుకుని కూర్చుని తింది. ఎవరి మొహమూ చూడకుండా, అడిగి మారు వడ్డించుకుని, కడుపునిండా తింది. అలా తినడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి రమ్మని అడగాలని ఎంతో అనుకుని వెళ్ళినదాన్ని, ఆ తిండి చూశాక అడగలేకపోయాను.

ఇంకో మూడేళ్ళకి ఆవిడ అక్కడే పోయింది. కబురందేసరికి ఆలస్యమైంది. మేం వెళ్ళేసరికి సత్రం వాళ్ళే అన్నీ చేసేశారు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. మా వాళ్ళెవరు ఇల్లు కట్టుకున్నా, వంటింట్లోకి ఏ మిషను కొనాలన్నా నన్నే అడుగుతారు. ఆ పని ఇప్పటిదాకా ఎవరు చేస్తున్నారని మొదట అడుగుతాను. నా చాదస్తానికి పిల్లలు నవ్వుకుంటారు, నవ్వనీ. ఎవరైనా ఒక పని తమకి చేతకాదంటే, ఎందుకు చేతకాదని మాత్రం నేను అడగను. కళ్ళారా చూసినా బయటపెట్టను. ఆ నోరు కట్టుకోవడం నాకు పదేళ్ళప్పుడే వచ్చి ఉంటే, అత్తయ్య కనీసం మా ఇంట్లో, మా చేతుల్లో పోయేది.