ప్లగ్గు పీకేసిన టీవీ

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే ముందు నవ్వేది నేనే. హైస్కూల్లో సైన్సు టీచర్ని. వైరు ఎక్కడ తెగినా కరెంటు పారదని ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు బల్బు పెట్టి మరీ చూపిస్తాను. కాబట్టి ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. మా ఆయన నాలుగెకరాల్లో మిర్చి వేస్తాడు. కిందటేడు మొదటి కోత అయ్యాక మా హాల్లో టీవీ దానంతటదే ఆన్ అవడం మొదలుపెట్టింది. పొద్దున కాఫీ కలుపుతుంటే ఒకసారి, నేను స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఒకసారి. ఆపితే ఆగేది, కాసేపటికి మళ్లీ మోగేది.

ముందు రిమోట్‌ను అనుమానించాం. బ్యాటరీలు తీసి బీరువాలో పెట్టాను. అయినా వచ్చింది. ఎదురింటి వాళ్లదీ అదే కంపెనీ టీవీ. వాళ్ల రిమోట్ మా కిటికీలోంచి తగులుతోందేమోనని రెండు రోజులు కిటికీ మూసుకుని ఉక్కపోతలో కూర్చున్నాం. సెట్టింగుల్లో టైమరు చూశాను, ఆఫ్‌లోనే ఉంది. కరెంటు పోయి రాగానే టీవీ ఆన్ అయ్యే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దాన్నీ తీసేశాను.

చివరికి మెకానిక్ వచ్చాడు. వెనక మూత ఊడదీశాడో లేదో వరసపెట్టి తుమ్మడం మొదలుపెట్టాడు. మిర్చి బస్తాలు హాల్లోనే పేర్చుకుంటాం మరి, లోపలంతా కారం దుమ్మే.

"ఏందండీ ఇది, టీవీనా, కారం మిల్లా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

శుభ్రంగా దులిపి, స్విచ్చు మార్చి, రోగం కుదిరిందన్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ మోగింది.

మా అత్తగారికి అతని మీద నమ్మకం పోయి, టీవీకి దిష్టి తీసింది. మిరపకాయలకు మా ఇంట్లో కరువేముంది, ఇంకో గుప్పెడు ఎక్కువే తిప్పింది. దానికీ లొంగలేదు. నాకు విసుగు పుట్టి ఒక శనివారం టీవీదీ, సెట్‌టాప్ బాక్సుదీ రెండు ప్లగ్గులూ పీకేసి, వైర్లు చుట్ట చుట్టి వెనక మేకుకు తగిలించాను.

మర్నాడు ఆదివారం. మా పొలంలో మోటారుకు ఫోన్‌తో నడిచే స్టార్టరు ఉంది. దాని నంబరుకు ఫోన్ చేస్తే మూడు ఫేజుల కరెంటూ వచ్చిందీ లేనిదీ చెబుతుంది. అది విని ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది. మా ఆయన ఫోన్‌కూ, నా ఫోన్‌కూ రెంటికీ పలుకుతుంది. అప్పట్లో పొలాలకు పన్నెండింటికి కరెంటు ఇచ్చేవాళ్లు. ఆ టైముకు ఫోన్ చేయడం నా పని.

ఆ రోజూ వంటింట్లో నిలబడి చేశాను. అవతల గొంతు మొదలవుతుండగానే హాల్లో టీవీ ఒక్కసారిగా మోగింది. ఎంత గట్టిగా అంటే, ఫోన్‌లో ఒక్క ముక్క వినపడలేదు. వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తున్న అత్తగారు, "ఎవరే అదీ, చెవులు చిల్లులు పడుతున్నాయి, తగ్గించు!" అని కేకేసింది. టీవీ ఆపి మళ్లీ చేద్దామని ఫోన్ పెట్టేశాను.

హాల్లో ఏదో వంటల కార్యక్రమం వస్తోంది. ప్లగ్గు తీద్దామని అలవాటుగా వెనక్కి చెయ్యి పోనిచ్చాను. నేను చుట్టిన చుట్ట మేకుకే ఉంది. ప్లగ్గు నా చేతికి తగిలింది. టీవీలో ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క పరుగున వరండాలోకి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పక్క చేను సాంబయ్య బాబాయికి చేశాను.

"ఇక్కడే ఉన్నాడమ్మాయ్," అన్నాడాయన తాపీగా. "మీ మోటారు వైరు కాలిపోయిందంట. పళ్లతో తొడుగు పీకుతున్నాడు. నోరు ఖాళీ లేదు, ఏమన్నా చెప్పాలా?"

ముందు మోటారు ఫీజులు పీకించు బాబాయ్ అని అరిచాను.

ఇక్కడ చాలామంది చేసే పనే మా ఆయనా చేశాడు. మోటారు ఆగే ఉంది కదా, ఇంక ఫీజులు పీకడమెందుకని స్టార్టరు ఆఫ్ బటన్ నొక్కి ఊరుకున్నాడు. ఫోన్ బండి సంచిలో వదిలేశాడు. నేను ఇంట్లో కూర్చుని ఆ మోటారును లేపగలనన్న సంగతే ఆయనకు తట్టలేదు. వైరు కాలిన సంగతి నాకు తెలియదు. ఇంకో రెండు క్షణాలయితే ఒకటి నొక్కేదాన్ని.

ఇంటికొచ్చి విషయం విని, చేతులైనా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు. తిట్టాను, ఏడ్చాను, మళ్లీ తిట్టాను. అత్తగారు ముగ్గురికీ మజ్జిగ కలిపింది. బతికి ఎదురుగా కూర్చున్న మనిషిని తిట్టడంలో ఎంత హాయి ఉంటుందో ఆ రోజే తెలిసింది.

మేం లోపలికి వెళ్లేసరికి టీవీ ఆగిపోయి ఉంది. తర్వాత ప్లగ్గు పెట్టాం. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా దానంతటదే రాలేదు. లోపల కాస్త కరెంటు నిలవ ఉంటుందన్నాడు మెకానిక్. ఉంటుంది, నాకూ తెలుసు. చిన్న లైటు మిణుక్కుమనేంత ఉంటుంది, ఉల్లిపాయలు తరిగేంత సేపు ఉండదు. అత్తగారూ విన్నది కాబట్టి నా భ్రమ అని సరిపెట్టుకోవడానికీ లేదు.

ఎందుకు మోగిందో నాకు తెలియదు. తెలిసినట్టు ఏదో ఒకటి అల్లి చెబితే క్లాసులో పిల్లల మొహం చూడలేను. మా ఆయన ఆ మాటే ఎత్తడు. కానీ ఇప్పుడు వైరు ముట్టుకోవాలంటే మూడు ఫీజులూ పీకి జేబులో వేసుకుని, నాకు ఫోన్ చేసి, "ఏమే, ముట్టుకుంటున్నా," అంటాడు. పని అయ్యాక మళ్లీ చేస్తాడు. బెల్లు కొట్టినా సరే, ఆ రెండో ఫోన్ వచ్చాకే నేను క్లాసుకు వెళతాను.