తూము దగ్గర నా కాపలా

ఆ రోజుల్లో నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను, కాబట్టి నాకు తెలియనిదంటూ లేదు. కృష్ణ ఎక్కడ పుట్టింది, సాగర్ ఎడమ కాలువ ఏయే జిల్లాలు దాటి మా జగ్గయ్యపేట వైపు వస్తుంది, తాతల కాలంలో జొన్నా కందీ తప్ప ఎరగని ఈ మెట్ట నేలలు ఆ నీళ్ళతో వరి మాగాణులు ఎలా అయ్యాయి, అన్నీ గడగడా అప్పజెప్పేవాణ్ణి. మా పొలం మాత్రం ఆ కాలువకు చిట్టచివర ఉంది. పైవాళ్ళంతా తడుపుకున్నాక మిగిలితేనే మాకు. (ఈ సంగతి ఏ గైడులోనూ రాయరు.)

ఆ ఏడు వరి పొట్ట మీదుండగా మళ్ళు నెర్రెలిచ్చాయి. ఆ వారం తడి అందకపోతే గింజ పాలు పోసుకోదు, తాలే మిగులుతుంది. మా వంతు ఒక్క పగలు, పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. మర్నాడు పక్క చేను పెదనాన్న వంతు, ఆపైన కాలువ కట్టేస్తారు. సరిగ్గా ఆ రోజే నాన్నకు పన్ను వాచి నందిగామ వెళ్ళి పీకించుకోక తప్పలేదు. తూము ఎవరూ మూయకుండా చూడమనీ, తూము నుంచి మడికి నీళ్ళు తెచ్చే బోదె గట్టు వెంట తిరుగుతూ ఉండమనీ చెప్పి బస్సెక్కారు. నేను మొదటి ముక్కే విన్నాను.

పెదనాన్నకూ మాకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. మధ్య గట్టును అరడుగు చెక్కింది ఆయనని నాన్న, కాదు నాన్నేనని ఆయన. అందుకని నా అనుమానమంతా ఆయన మీదే. పార అడ్డం పెట్టుకుని తూము మీద బైఠాయించాను. పదింటికి ఆయన వచ్చి కాస్త దూరంలో నిలబడి దగ్గారు. నేను పార గట్టిగా పట్టుకున్నాను. పన్నెండింటికి మళ్ళీ వచ్చి, ఇంకా గట్టిగా దగ్గి, మా మడి వైపొకసారి, నా వైపొకసారి చూశారు. కయ్యానికి కాలు దువ్వుతున్నారని అర్థమై కళ్ళెర్రజేశాను. మూడింటికి దగ్గు చాలక తువ్వాలు కూడా విదిలించారు. పారతో సహా లేచి నిలబడ్డాను. ఆయన తల కొట్టుకుని వెళ్ళిపోయారు. (గెలిచాననుకున్నాను.)

ఐదింటికి నాన్న నోట్లో దూది పెట్టుకుని, వాచిన బుగ్గతో తిన్నగా చేలోకే వచ్చారు. డాక్టరు మాట్లాడొద్దన్నారట. చేత్తో నన్ను పిలిచి చూపించారు. మడి మొదట్లో నాలుగడుగుల తడి, ఆపైన నెర్రెలు నెర్రెల్లాగే ఉన్నాయి. బోదె గట్టుకు గడ్డి చాటున ఎండ్రకాయ తొలిచిన బొక్క పెద్ద గండి అయి, పొద్దుటి నుంచీ మా నీళ్ళన్నీ పల్లంలో ఉన్న పెదనాన్న చేలోకి పోతున్నాయి. నేను మనుషులకే కాపలా కాశాను. ఆ గండి పూడ్చి నీళ్ళు మళ్ళించేసరికి మా వంతు అయిపోతుంది. నాన్న తిడితే బాగుండుననిపించింది. ఆయన తిట్టలేక, నిలబడలేక, గట్టు మీద కూలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చారు పెదనాన్న. నాన్న రెండు గజాల దూరంలోనే ఉన్నా, చెప్పింది నాతోనే.

"పదింటికే చూసా. చెబుదామంటే మాటల్లేవాయె. పూడుద్దామంటే గట్టు మీద చెయ్యేశానని మళ్ళీ పంచాయితీ. అందుకే మూడుసార్లొచ్చి దగ్గా. నువ్వేమో పార పట్టుకుని లేస్తివి." తన చేను వైపు చెయ్యి చూపించి, "నా చేను ఎటూ నిండింది. రేపు నా వంతు నీళ్ళు మీరు పెట్టుకోండి. మీ నాన్నకి చెప్పు" అన్నారు.

నేను నాన్న వైపు తిరిగి, ఆయన ఇదేమీ విననట్టే, మాట పొల్లుపోకుండా అప్పజెప్పాను. నాన్న నోట్లో దూది తీసేసి, ముద్దముద్దగా, "ఎన్నింటికి రమ్మంటావన్నయ్యా" అన్నారు.

పెదనాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. చెమటకో, మరి దేనికో. "ఆరింటికి రా. పార నేనే తెస్తాలే. నీ కొడుకుని మాత్రం పంపమాక" అన్నారు.

ఆ మాటకు నేను వారం రోజులు రోషపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ కుర్రాడి మీద కాస్త జాలి కూడా కలుగుతుంది. తర్వాత ఉద్యోగంలో ఎన్నో పనులు శ్రద్ధగా చేశాను, మెప్పూ పొందాను. కానీ ఇద్దరన్నదమ్ముల చేత మళ్ళీ మాట్లాడించింది మాత్రం ఆ ఒక్కరోజే, అదీ చెప్పిన పని చేయకుండా.