బొత్తాం నొక్కితే కూసేది

మా పెద్దమ్మ ఓ పట్టాన ఎవరినీ నమ్మేది కాదు. కర్టెన్లు కుట్టే దుకాణంలో పని. యజమాని కొలిచి ఇచ్చిన గుడ్డను కూడా మళ్ళీ కొలిచేది. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి లాగి చూసేది. అలాంటి మనిషి కళ్ళు మూసుకుని నమ్మింది ఒక్కదాన్నే, పడకగది గోడకు బిగించిన అలారాన్ని.

గ్యాస్ హీటరు సరిగా మండకపోతే పుట్టే విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. అది గదిలో చేరితే ఆ పెట్టె కూయాలి. పెద్దమ్మ ప్రతి ఆదివారం స్టూలెక్కి దాని బొత్తాం నొక్కేది. అది చెవులు చిల్లులు పడేలా కూసేది. దుమ్ము తుడిచి, అవసరమైతే బ్యాటరీలు మార్చి దిగేది.

కాళ్ళు పడిపోయి మంచానికే పరిమితమైన పెదనాన్న నవ్వేవాడు. "నువ్వు కదిపినా నోరెత్తనిది ఈ ఇంట్లో నేనొక్కణ్ణే."

"నోరెత్తకుండానే ఇన్ని మాటలా?" అనేది ఆవిడ.

ఆవిడ పనికి పోతే ఆయన ఆ గదిలో ఒంటరి. లేచి తలుపు తీసుకోలేని మనిషికి ఆ పెట్టే కాపలా.

చలి ముదిరిన ఒక ఉదయం "వణుకొస్తోందే" అన్నాడు. ఆవిడ హీటరు వెలిగించి, కిటికీ బిగించి, రగ్గు కప్పి వెళ్ళింది. మధ్యాహ్నం భోజనం పెడదామని వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నట్టే ఉన్నాడట. బుగ్గలు ఎర్రగా ఉన్నాయట. "ఒంట్లో నెమ్మదించింది కాబోలనుకున్నానే" అని ఆవిడ తర్వాత నాతో చెప్పింది. తట్టి లేపబోతే తెలిసింది, ప్రాణం లేదని. అలారం మాత్రం కిక్కురుమనలేదు.

హీటరు పొగ బయటికి పోయే గొట్టంలో పావురాలు గూడు కట్టాయి. అగ్నిమాపకశాఖ మనిషి అలారాన్ని గోడ నుంచి ఊడదీసి వెనక్కి తిప్పాడు.

"దీని గడువు ఎప్పుడో తీరిపోయిందమ్మా. గ్యాస్‌ను పసిగట్టే భాగం పాడైపోయింది. పెట్టె మొత్తం మార్చాల్సింది."

"మొన్న ఆదివారం కూడా కూసింది కదయ్యా."

"బొత్తాం నొక్కితే బ్యాటరీ, కూత బాగున్నాయని తెలుస్తుంది. అంతే."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు. గడువు తేదీని గోడవైపు అచ్చేసిన మహానుభావుల మీద నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టాలేమో "అంత జాగ్రత్తగా చూసుకున్నావు, నీ తప్పేముంది" అని ఓదార్చి వెళ్ళారు. వాళ్ళున్నంతసేపూ పెద్దమ్మ తలూపుతూ కూర్చుంది. ఇద్దరమే మిగిలాక అంది:

"అసలు ఆ పెట్టె లేకపోయుంటే నాకు భయముండేదే. కిటికీ కాస్త ఓరగా తీసి వెళ్ళేదాన్ని."